బోధిసిరి పధానశాల: ఆంధ్ర బౌద్ధంలో సన్న్యాసం, గార్హస్థ్యం, ధ్యానం

బౌద్ధ జీవనవిధానాన్ని వివరించేటప్పుడు ఒక విభజన తరచు కనిపిస్తుంది. భిక్షువు ఇల్లు విడిచి ధ్యానం చేస్తాడు. ఉపాసకుడు ఇంట ఉండి దానం చేస్తాడు. మొదటివాని గమ్యం నిర్వాణం, రెండవవాని గమ్యం పుణ్యం. ఈ విభజన నిరాధారమైనది కాదు. మజ్ఝిమనికాయంలోని 143వ సుత్తంలో, మరణశయ్యపై ఉన్న అనాథపిండికుడు దేనినీ పట్టుకొనక చిత్తాన్ని నిలుపుకొనే సాధనను సారిపుత్రుని నోట విని కన్నీరు పెడతాడు. ఇంతకాలం సంఘాన్ని సేవించినా అటువంటి ఉపదేశం వినలేదని అతని ఆవేదన. తెల్లని వస్త్రాలు ధరించే గృహస్థులకు దానిని చెప్పరని సమాధానం వస్తుంది. గ్రహించగలవారు గృహస్థులలోనూ ఉన్నారు కనుక వారికీ చెప్పవలసిందని అతడు వేడుకొంటాడు. ఈ వేడుకోలు వెనుక ఉన్న ప్రశ్నకు కృష్ణాతీరపు బౌద్ధం ఇచ్చిన సమాధానాన్ని శాసనాల ఆధారంగా పరిశీలించవచ్చు.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నేటి నాగార్జునకొండ, ఇందుకు ముఖ్యమైన ఆధారం. వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక చులధమ్మగిరి మీద తంబపంణి, అంటే సింహళ, ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ ప్రాకృత శాసనం ఆమె ఇతర ప్రదేశాలలో చేసిన నిర్మాణాలను కూడా పేర్కొంటుంది. సింహళవిహారంలో బోధివృక్ష ప్రాసాదం, మహాధమ్మగిరిలో ఒక గది, పువ్వసేలలో తటాకం, కంటకసేల మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద శిలామండపం వాటిలో ఉన్నాయి. ఆ జాబితాలోనే దేవగిరిలో ఒక ‘పధానశాల’ ఉంది.

ఈ పదాన్ని జాగ్రత్తగా చదవవలసి ఉంది. నేటి తెలుగులో ‘ప్రధాన’ అంటే ముఖ్యమైనది. ఆ అర్థంలో తీసుకొంటే ఇది విహారంలోని పెద్ద చావడి మాత్రమే అవుతుంది. బౌద్ధ పరిభాషలో ‘పధానం’ అంటే చిత్తశుద్ధికై చేసే తీవ్రమైన ప్రయత్నం. నాలుగు సమ్యక్ ప్రధానాలలో ఉన్నది ఈ అర్థమే. పాళీ వాఙ్మయంలోని ‘పధానఘరం’ ధ్యానసాధనకు ఏర్పడిన గృహం. సింహళ సంఘంతో బోధిసిరికి గల సంబంధాన్ని బట్టి కూడా దేవగిరి పధానశాలను ధ్యానశాలగా గ్రహించడం సమంజసం. అప్పుడు దానం, ధ్యానం వేర్వేరు మార్గాలుగా మిగలవు. ధ్యానానికి చోటు కల్పించడం ఒక గృహిణి ధర్మాచరణలో భాగమవుతుంది.

గమ్యం విషయంలోనూ ఇదే సామీప్యం కనిపిస్తుంది. అదే రాజు 6వ సంవత్సరంలో మహాచైత్యానికి శిలాస్తంభం నిలిపిన చాంతిసిరి రాజుకు మేనత్త, మహాతలవరుని భార్య. ఆమె శాసనం ఉభయలోకాలలో హితసుఖాలను కోరి అంతటితో ఆగదు. తనకు నిర్వాణసంపద కలగాలని కూడా కోరుతుంది. సన్న్యసించని స్త్రీ నిర్వాణాన్ని తన ఆకాంక్షగా రాతిపై ప్రకటించింది. దీనికి ఎదురుదిశలో అమరావతి శాసనాలు సాక్ష్యమిస్తాయి. అక్కడ కొందరు భిక్షుణులు తమ కుమార్తెలతో కలిసి దానాలు చేశారు. పూర్ణఘట ఫలకాన్ని అర్పించిన చర్మకారుడు విధికుడు తనను ఉపాధ్యాయుడైన నాగుని కుమారునిగా చెప్పుకొన్నాడు. ఇల్లు విడిచినంత మాత్రాన బంధుత్వం పేరు తెగిపోలేదు. ఇంట ఉన్నంత మాత్రాన నిర్వాణకాంక్ష దూరం కాలేదు.

గృహస్థునికి ధ్యానాన్ని ఉపదేశించిన గ్రంథసాక్ష్యం నాగార్జునుని సుహృల్లేఖ. శాతవాహన రాజుకు రాసినదిగా సంప్రదాయం చెప్పే ఈ లేఖ టిబెటన్, చైనా అనువాదాలలో నిలిచింది. రాజ్యభారం వహించే మిత్రునికి అది దానశీలాలతో పాటు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షల భావనను, ధ్యానస్థితులను, దేహం పట్ల స్మృతిని బోధిస్తుంది. అనాథపిండికుడు చివరి ఘడియలో విన్న కోవకు చెందిన ఉపదేశం ఇక్కడ రాజుకు జీవించి ఉండగానే అందింది. అయినా నాగార్జునుడు భేదాన్ని చెరిపివేయలేదు. రాజును ఉద్దేశించిన రత్నావళిలో, లోకంలోని అధర్మం వల్ల ధర్మబద్ధంగా పాలించడం దుష్కరమైతే సన్న్యాసమే తగినదని చెప్పాడు.

ఈ ఆధారాలకు ఒక పరిమితి ఉంది. శాసనం దాత చేసిన నిర్మాణాన్ని నమోదు చేస్తుంది గాని ఆమె దినచర్యను కాదు. బోధిసిరి తాను కట్టించిన శాలలో కూర్చున్నదనడానికి శాసనం ఆధారం కాదు. కాని ఆమె ధ్యానానికి విముఖురాలని, పుణ్యమే ఆమె పరిధి అని చెప్పడానికీ అది ఆధారం కాదు. శాసనభాష మౌనాన్ని ఉపాసకుల సాధనాభావంగా భావించడం సరికాదు.

కాబట్టి ఆంధ్ర బౌద్ధంలో సన్న్యాసం, గార్హస్థ్యం అనేవి రెండు గమ్యాలు కావు. ఒకే గమ్యం వైపు సాగిన రెండు జీవనస్థితులు. తీరిక, నియమం, ఏకాంతం భిక్షువుకు అధికం. బాధ్యతల నడుమ చిత్తాన్ని నిలుపుకోవడం గృహస్థునికి కఠినం. ఆ కాఠిన్యాన్ని ఎరిగిన సంప్రదాయం అతనికి బోధను నిరాకరించక లేఖగా పంపింది. ఆ సంప్రదాయంలో ఒక ఉపాసిక ఇతరుల ఏకాంతం కోసం శాల కట్టించింది. ‘పధానశాల’ అన్న ఒక్క పదాన్ని దాని కాలపు అర్థంలో చదివినప్పుడే ఈ సంబంధం స్పష్టమవుతుంది.