చందుపట్ల శిల: రాణి రుద్రమదేవి మరణరహస్యము

మన ప్రాచీన శాసనములు రాజుల వంశమునకు ప్రశస్తిని, వారి విజయములకు బిరుదములను, వారి దానములకు సూర్యచంద్రుల సాక్ష్యమును పుష్కలముగా ప్రసాదించినవి గాని, వారి మరణములను గూర్చి మాత్రము తఱచుగా మౌనమునే వహించినవి. సింహాసనమెక్కిన సంవత్సరము తెలిసిన ప్రభువులెందఱో కలరు. కన్నుమూసిన మాసము తెలిసినవారు అత్యల్పులు. కొడుకు పేరనో మనుమని పేరనో వెలసిన మొదటి శాసనమును చూచి, తండ్రియో తాతయో అంతకుముందే గతించియుండవలెనని ఊహించుకొనుటయే చరిత్రకారునకు మిగిలిన దారి. ఓరుగల్లు నేలిన కాకతీయులలో మిక్కిలి కీర్తి గడించిన రాణి రుద్రమదేవి విషయమునను చాలకాలము ఇట్లే జరిగినది. ఆమె 1295వ సంవత్సర ప్రాంతము వఱకు రాజ్యమేలి, దౌహిత్రుడైన ప్రతాపరుద్రునకు రాజ్యభారమప్పగించి, ప్రశాంతముగా శివైక్యము చెందినదని మన చరిత్రగ్రంథములు చెప్పుచు వచ్చినవి. నల్లగొండ సీమలోని ఒక పల్లెటూరి శిల వెలుగులోనికి వచ్చి ఈ ప్రశాంతమైన కథను తలక్రిందులు చేసినది.

నకిరేకల్లు దాపున చందుపట్ల యను గ్రామము కలదు. అచటి శాసనము శక సంవత్సరము 1211, విరోధి నామ సంవత్సర మార్గశిరమాసము నాటిది; అనగా క్రీస్తుశకము 1289 నవంబరు నెల చివరి దినములది. దానిని వేయించినవాడు రాజు కాడు, మంత్రి కాడు, మండలేశ్వరుడును కాడు. పువ్వుల ముమ్మడి యను పేరుగల ఒక సేవకుడు. తాను మల్లికార్జున నాయకుని భృత్యుడనని చెప్పుకొని, కాకతి రుద్రమదేవికిని మల్లికార్జున నాయకునకును శివలోకప్రాప్తి కలుగుటకై, ఊరి సోమనాథదేవునకు ఆతడు కొంత భూమిని ధారపోసినాడు. ఇంతకు మించి ఆ శిలలో వర్ణన లేదు, విలాపము లేదు, శత్రువు పేరు లేదు, యుద్ధప్రసక్తి యంతకంటె లేదు. అయినను కాకతీయ చరిత్రలో ఇంత బరువు మోసిన శాసనములు కొలదిగానే ఉన్నవి. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు 1978లో వెలువడిన తమ కాకతీయ చరిత్రగ్రంథమున దీని ప్రాముఖ్యమును నిరూపించిన పిమ్మట, రుద్రమ మరణకాలమును గూర్చిన పూర్వాభిప్రాయము నిలువలేకపోయినది.

ఆ శిలలోని నాలుగు మాటలనుండి ఏమి తెలియుచున్నదో నిదానముగా విచారింపవలసియున్నది. మొదటిది, 1289 మార్గశిరమునాటికి రుద్రమదేవి జీవించి లేదు. రెండవది, ఆమెతోడనే ఆమె సేనానాయకుడైన మల్లికార్జున నాయకుడును గతించియున్నాడు. వృద్ధురాలైన యొక రాణి శయ్యపై మరణించినచో, ఆ పుణ్యవాక్యమునందు ఒక సేనానాయకుని పేరు ఆమె పేరుతో జంటగా ఏల చేరవలెను? ఇరువురి పుణ్యమునకును ఒకే దానము, ఒకే తిథి, ఒకే దైవము. స్వామిని కోల్పోయిన భృత్యుడు తన స్వామితోపాటు ఆతని స్వామినిని కూడ స్మరించినాడనగా, ఇరువురును ఒకే విపత్తులో ఒకే కాలమున కూలినారనుకొనుటయే సహజము. సేనానాయకుడును రాణియు కలిసి ప్రాణములు విడుచు చోటు యుద్ధభూమి తప్ప వేఱొకటి తోచదు. మూడవ విషయమున మాత్రము మనము తొందరపడరాదు. దానము చందుపట్లలో జరిగినది గనుక మరణమును చందుపట్లలోనే జరిగెనని కొందఱు వ్రాయుచున్నారు. భృత్యుడు దానము చేసిన ఊరు స్వామి మరణించిన ఊరే కావలెనను నియమమేమియు లేదు. ఆతని భూమి అచట ఉండియుండవచ్చును, ఆతని ఇలవేల్పు ఆ సోమనాథుడే కావచ్చును. శిల చెప్పనిదానిని శిల నోట పలికించుట ధర్మము కాదు.

ఇక శత్రువెవ్వడు? దీనికి సమాధానము కొఱకు కృష్ణానది దాటి, దక్షిణమున త్రిపురాంతకమునకు పోవలెను; దానికి పూర్వము రుద్రమ పాలనను ఒక్కసారి స్మరింపవలెను. గణపతిదేవునకు పుత్రసంతానము లేదు. కుమార్తెనే కుమారునిగా భావించి, రుద్రదేవ మహారాజను పురుషనామముతో రాజ్యభారమున నిలిపినాడు. 1263 ప్రాంతమున ముత్తుకూరు కడ పాండ్యుల చేతిలో తగిలిన పరాజయము గణపతిదేవుని క్రుంగదీసినది; అటుతరువాత పాలనమంతయు ఆమెదే. స్త్రీకి జోహారు చేయనొల్లని సామంతులు, సరిహద్దులు దాటివచ్చిన దేవగిరి యాదవులు, తూర్పున కళింగసేనలు, ఇన్ని దిక్కులనుండి వచ్చిన ముప్పులను ఆమె త్రిప్పికొట్టినది. ఓరుగల్లు రాతికోట ప్రాకారము నెత్తు పెంచి, దాని చుట్టును మఱొక మట్టికోటను, వెడల్పైన అగడ్తను ఏర్పఱచినదియు ఆమెయే. స్వయంభూదేవుని ఆలయమునకు ఆమె కట్టించిన రంగమండపమున, చేత కత్తియు డాలును ధరించి సింహముపై కూర్చున్న వనితగా ఆమె శిల్పము చెక్కబడినది. అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ నవల చదివిన తెలుగువారికి ఆమె యౌవనము, తొలినాళ్ల తిరుగుబాట్లు కన్నులకు కట్టినట్లు తెలియును. ఆమె వార్ధకమును మాత్రము మనలో తలచుకొన్నవారు తక్కువ. ఈ రహస్యమంతయు ఆ వార్ధకమునందే యున్నది.

గణపతిదేవుని కాలమునుండియు కాయస్థ వంశీయులు కాకతీయులకు కుడిభుజమువంటివారు. గంగయసాహిణి యను అశ్వసేనాని స్వామిభక్తికి మెచ్చి, పానుగల్లు మొదలు మార్జవాడ వఱకు వ్యాపించిన విశాలమైన సీమను గణపతిదేవుడు ఆతని పాలనకు ఒప్పగించెను. గంగయ తరువాత జన్నిగదేవుడు, ఆ తరువాత త్రిపురారి, ఇరువురును విశ్వాసముతోనే మెలగిరి. 1272 ప్రాంతమున త్రిపురారి తమ్ముడు అంబదేవుడు అధికారమునకు వచ్చుటతో ఆ విశ్వాసము తెగిపోయినది. ఆతడు పరాక్రమవంతుడనుటకు సందేహము లేదు. పొరుగునున్న సామంతులను ఒకరి తరువాత ఒకరిని గెలిచి, నెల్లూరు సింహాసనమున తన కనుకూలుడైన మనుమగండగోపాలుని కూర్చుండబెట్టి, కడప సీమలోని వల్లూరు రాజధానిగా స్వతంత్రుడై నిలిచెను. ఓరుగల్లు దక్షిణద్వారమును కాపాడుటకై నిలిపిన కావలివాడే ఆ ద్వారమును తనదిగా చేసికొన్నాడు. ఇది రాణి సహింపదగిన విషయము కాదు.

త్రిపురాంతకేశ్వరాలయమున 1290లో అంబదేవుడు వేయించిన సంస్కృత శాసనము ఈ విచారణలో ముఖ్యమైన పత్రము. చందుపట్ల దానమునకు ఇది ఏడాది తిరుగకముందో, కొంచెము అటునిటుగనో వెలసినది. అందు ఆతడు తన విజయములను ఏకరువు పెట్టినాడు. రాయసహస్రమల్ల బిరుదము గల శ్రీపతి గణపతిని జయించితినన్నాడు. డెబ్బదియైదుగురు నాయకుల శిరస్సులు తెగగొట్టితినన్నాడు. ఆంధ్రరాజుల నందఱను ఓడించి యశస్సు గాంచితినన్నాడు. అందే మల్లికార్జునపతి యను వాని సప్తాంగములను హరించితినను ప్రగల్భమును కలదు. స్వామి, అమాత్యుడు, రాష్ట్రము, దుర్గము, కోశము, దండము, మిత్రము అనునవి రాజ్యమునకు సప్తాంగములని రాజనీతిశాస్త్రము. చందుపట్ల శిలపై శివలోకగతుడైన మల్లికార్జున నాయకుడును, త్రిపురాంతక శిలపై సప్తాంగములు కోల్పోయిన మల్లికార్జునపతియు ఒక్కరేయని పరబ్రహ్మశాస్త్రిగారి నిర్ణయము. ఒకే కాలము, ఒకే దిక్కున జరిగిన సంగ్రామము, ఒకే పేరు. ఈ మూడును కలిసినపుడు కాదనుటకు బలమైన హేతువు కావలెను. ఆ హేతువు నాకు కనబడుటలేదు.

అంబదేవుని ప్రశస్తిలో చిన్న సామంతుల పేళ్లు సయితము ఉండగా రుద్రమదేవి పేరు మాత్రము లేకపోవుట మిక్కిలి ఆలోచింపదగిన విషయము. దక్షిణాపథమున ఆనాటి మహాప్రభుత్వములలో ఆమెది యొకటి. ఆ సింహాసనాధీశ్వరిని కూల్చినవాడు దానిని చెప్పుకొనకుండునా? చెప్పుకొనడనియే నా నమ్మకము. స్త్రీవధ మహాపాతకమని ధర్మశాస్త్రములు ఘోషించుచున్న కాలమది. పైగా ఆమె వృద్ధ. పైగా తన వంశమునకు అన్నము పెట్టిన ఇంటి ఆడపడుచు. డెబ్బదియైదు శిరస్సులను లెక్కపెట్టి చెప్పుకొన్న వీరుడు ఈ ఒక్క శిరస్సును లెక్కలో చేర్చుకొనలేకపోయెను. సేనానాయకుని పేరు పైకి చెప్పి, ఆతని వెనుకనున్న రాణిని మఱుగుపఱచెను. ఇది ఊహయే, కాని ఆ మౌనమునకు ఇంతకన్న యుక్తియుక్తమైన కారణము తోచుటలేదు.

ప్రశాంతమరణమును చెప్పు ఎదుటి పక్షము సాక్షులను కూడ వినవలెను. ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుడు తన అలంకారగ్రంథమున ఉదాహరణగా చేర్చిన నాటకమునకు ప్రతాపరుద్రుని పట్టాభిషేకమే ఇతివృత్తము. అందు దైవాజ్ఞయు ఉత్సవమును గలవు గాని రక్తపు మరక యొక్కటియు లేదు. ఆస్థానకవి రాజు ఎదుట పఠింపదగిన నాటకములో అమ్మమ్మ దుర్మరణమును చొప్పించునని ఎవ్వరు ఆశింతురు? ఏకామ్రనాథుని ప్రతాపచరిత్ర మున్నగునవి ఓరుగల్లు పతనమైన చిరకాలమునకు వ్రాయబడినవి. వానియందలి సంవత్సరములను శాసనములు పదే పదే కాదనినవి.

వెనీసు నగరవాసియైన మార్కోపోలో సాక్ష్యము వీరి సాక్ష్యముకంటె గట్టిదిగా కనబడును. చీనాదేశమునుండి సముద్రమార్గమున మరలివచ్చుచు, 1293 ప్రాంతమున ఆతడు మన తీరమును చేరెనని పెద్దల లెక్క. ఆతడు ముత్ఫిలి యని వ్రాసిన రాజ్యము చీరాల దాపుననున్న మోటుపల్లి రేవు పేర తెలిసిన కాకతీయ రాజ్యమే. ఓడ బద్దలై సరకు తీరమునకు కొట్టుకొనివచ్చినచో పూర్వపు రాజులు దానిని దోచుకొనెడివారని, ఇకమీదట నియతమైన సుంకము తప్ప మఱేమియు పుచ్చుకొనమని, గణపతిదేవుడు 1244-45లో నావికులకు అభయమిచ్చిన రేవది. అచటి వజ్రములను, సాలెగూడు తంతువులవంటి సన్నని వస్త్రములను మార్కోపోలో కొనియాడినాడు. రాజైన భర్త మరణించిన నాటినుండి నలుబది యేండ్లుగా ఒక వివేకవతియైన రాణి ఆ రాజ్యమును న్యాయముగా పాలించుచున్నదనియు వ్రాసినాడు. దీనిని బట్టియే 1293లో రుద్రమ జీవించియున్నదని పలువురు నమ్మిరి. కాని గణపతిదేవుడు ఆమెకు తండ్రి, భర్త కాడు. ఆమె భర్త నిడుదవోలు చాళుక్య వీరభద్రుడు. నలుబదియేండ్ల లెక్కయు శాసనములతో పొసగదు. ఓడరేవులలో వర్తకులు చెప్పుకొను మాటలను విని వ్రాసిన యాత్రికునకు ఓరుగల్లు అంతఃపుర సమాచారము ఎంత ఆలస్యముగా, ఎంత మార్పుతో చేరియుండునో ఊహింపవచ్చును. విదేశీయుడు విని వ్రాసిన వార్తకును, స్వామిని పోగొట్టుకొన్న సేవకుడు తిథిసహితముగా రాతిపై చెక్కించిన వాక్యమునకును వైరుధ్యము కలిగినపుడు, రెండవదానినే నమ్మవలెను. అమెరికా విదుషీమణి సింథియా టాల్బట్ గారును 1289లో అంబదేవునితో పోరాడుచునే రుద్రమ మరణించియుండునని అంగీకరించిరి.

కొన్ని యేండ్ల క్రిందట వరంగల్లు సమీపమున బొల్లికుంటలో కనుగొన్న రెండు శిల్పములును ఈ చర్చలోనికి వచ్చినవి. ఒకదానియందు గుఱ్ఱమెక్కి కత్తి దూసిన రాచమూర్తి. రెండవదానియందు అలసి యొరగిన మూర్తియు, చెంత యమవాహనమైన మహిషమును. ఇవి రుద్రమదేవి పోరును అవసానమును తెలుపునని పురావస్తుశాఖ విద్వాంసులు భావించిరి. ఆ మూర్తులను గూర్చి విన్నపుడు హృదయము చలించును. అయినను శిల్పలక్షణమును బట్టి చేసిన గుర్తింపు, పేరు పెట్టి చెప్పు శాసనమునకు సాటిరాదు. చందుపట్ల శిల లేకున్నచో ఈ శిల్పములకు ఆ అర్థము తోచియుండెడిదా యనునది ప్రశ్నయే.

రుద్రమ మరణమును హత్య యనవచ్చునా, వీరమరణ మనవలెనా? యుద్ధమున ఎదుర్కొని కూలిన ప్రభువును హతుడనుట వాడుక కాదు. కాని ఆమె పోరాడుచు మరణించినదో, పట్టుబడిన పిదప వధింపబడినదో, శిబిరముపై జరిగిన ఆకస్మికదాడిలో కూలినదో, ఈ మూడింటిలో ఒకదానిని నిశ్చయించు అక్షరము లభ్యమైన శాసనములలో లేదు. ముప్పది యేండ్లకు దగ్గరగా రాజ్యభారము మోసి, మనుమడు యుక్తవయస్కుడై యుండగా, దళపతుల నంపి తాను కోటలో నిలువదగిన వయస్సున ఆమె స్వయముగా దండు వెంట నడచినదనుటయే మనకు దక్కిన సత్యము. రాయగజకేసరి యను వంశబిరుదమును పేరునకు మాత్రమే ధరించిన రాణి కాదామె.

ప్రతాపరుద్రుడు ఆలస్యము చేయలేదు. 1291లో కాకతీయసేన త్రిపురాంతకముపై నడచినది. కొలని గన్నయ, ఇందులూరి అన్నలదేవుడు దానికి నాయకులు. అంబదేవుని పేర త్రిపురాంతకమున కనబడు కడపటి శాసనము ఆ సంవత్సరముదే. కొలది మాసములకే అదే ఆలయమున అన్నలదేవుని దానశాసనము వెలసినది. అంబదేవుడు దక్షిణమున ములికినాటికి తొలగిపోయి, అచట మఱి కొంతకాలము స్వతంత్రముగానే నిలిచెను. ఆతని తరువాత వచ్చిన రెండవ త్రిపురారిని 1309లో కాకతీయసేనలు జయించి, గండికోటను ములికినాటిని జుట్టయలెంక గొంకారెడ్డి పాలనలో ఉంచినవి. అంతటితో కాయస్థవంశము చరిత్రనుండి తొలగినది. అమ్మమ్మ మరణించిన ఇరువది యేండ్లకు మనుమని పగ తీఱినది. ఆ యేటి చివరనే ఢిల్లీనుండి మాలిక్ కాఫర్ దండు ఓరుగల్లు దారి పట్టినది.