అంకుడు కొయ్య, అడవి రంగు

పరవాడ అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేవి సింహాద్రి విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, ఫార్మా సిటీకి వచ్చిపోయే ట్యాంకర్లు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు పరవాడతో పాటు విశాఖ జిల్లా నుంచి విడివడి వచ్చిన ఊళ్లలో ఏటికొప్పాక ఒకటి. జాతీయ రహదారి మీద అనకాపల్లి, ఎలమంచిలి దాటాక, వరాహ నది ఒడ్డున ఉంటుంది. ఎలమంచిలి మండలంలోనిదే ఈ ఊరు.

ప్రకృతిని చూసి పరవశించిన కళాకారులు తెలుగునాట తక్కువేమీ కాదు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూశాడు. ఆ కొద్ది జీవితంలోనే గోదావరినీ తూర్పు కనుమలనూ రంగుల్లోకి తెచ్చాడు. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే పనివాళ్ల చేతిలో కుంచె లేదు. అయినా చుట్టూ ఉన్న కొండనూ అడవినీ వాళ్లంత దగ్గరగా ఎరిగినవాళ్లు అరుదు. వాళ్లకు బొమ్మ చెట్టులో ఉంది, రంగు గింజలో ఉంది, మెరుగు ఆకులో ఉంది.

ఆ చెట్టు పేరు అంకుడు. పెద్ద మానేమీ కాదు. తెల్లటి వాసన పూలు పూస్తుంది. సన్నగా పొడుగ్గా వేలాడే కాయలు జంటజంటలుగా కాస్తాయి, రెండు కాయల కొసలూ కలిసి ఉంటాయి. ఆకు తుంచితే పాలు కారతాయి. కొయ్య తెల్లగా, నున్నగా, ఉలికి లొంగేలా ఉంటుంది. పచ్చి కొయ్యతో చేస్తే బొమ్మ పగులుతుంది కాబట్టి నరికిన కొమ్మలను బాగా ఆరబెట్టి గానీ పనిలోకి తీసుకోరు. కొండపల్లి వాళ్లు పొణికి కొయ్యను చెక్కి, ముక్కలు అతికించి, పైన రంగు పూస్తారు. ఏటికొప్పాకలో కొయ్య లేతు మీద తిరుగుతూ రూపం తీసుకుంటుంది. అందుకే ఇక్కడి పెళ్లికూతురైనా, ఏనుగైనా, ఎడ్లబండి చక్రమైనా గుండ్రటి ఒంపులతోనే పుడుతుంది.

పని జరుగుతుండగా చూడాలి. లేతుకు బిగించిన కొయ్యముక్క గిర్రున తిరుగుతుంటుంది. ఉలి ఆనించగానే సన్నటి పొట్టు రిబ్బనులా లేస్తుంది. రూపం కుదిరాక రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు అంటుకుంటుంది. బ్రష్షు లేదు, నీళ్లు లేవు. చివరికి మొగలి ఆకుతో అదిమి రుద్దితే లక్క అంతటా సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఆ లక్క కూడా అడవిదే. మోదుగ, రేగు లాంటి చెట్ల రసం పీల్చి బతికే చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూడు అది.

ఈ పని నాలుగు వందల ఏళ్లుగా సాగుతోందని చెప్పుకుంటారు. కుంకుమ భరిణెలు, ఊయల గిలకలు, అన్నిటికీ మించి లక్కపిడతలు. పొయ్యి, రోలు, తిరగలి, బిందె, గరిటె అంతా గుప్పెట్లో ఇమిడిపోయే ఆ బుల్లి వంటిల్లు తెలియని తెలుగు ఆడపిల్ల ఒకప్పుడు ఉండేది కాదు.

దెబ్బ పడింది రంగు దగ్గర. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రవాడు మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోయి, అనుకోకుండా ఊదా రంగు కనిపెట్టాడు. 1897లో ఒక జర్మన్ కంపెనీ కృత్రిమ నీలిమందును బజారులోకి తెచ్చింది. మన దేశంలో నీలి సాగు కుప్పకూలింది. డబ్బాలో దొరికే రంగు చవక, పైగా ఎప్పుడు కొన్నా ఒకే ఛాయ. క్రమంగా ఏటికొప్పాక కూడా దానివైపే మళ్లింది. గింజ నూరడం, వేరు మరిగించడం తెలిసిన చేతులు తగ్గిపోయాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు రసాయనం పూయడం ఎంత ప్రమాదమో అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ.

తిరిగి చెట్ల వైపు చూసినవాడు ఆ ఊరివాడే, చింతలపాటి వెంకటపతిరాజు. పనివాళ్లను కూడగట్టి, మరుగున పడిన సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చాడు. పసుపు కొమ్ము నుంచి పసుపు, జాఫ్రా గింజ నుంచి నారింజ, నీలి ఆకు నుంచి నీలం. పసుపూ నీలమూ కలిస్తే ఆకుపచ్చ. ఎరుపుకు మంజిష్ఠ ఉండనే ఉంది. చెప్పినంత తేలిక కాదు ఈ పని. మొక్కల నుంచి తీసిన రంగును నీళ్లతో కలవని లక్కకు పట్టించాలి, నిప్పు సెగకు అది మాడిపోకూడదు. ఈ రంగులు డబ్బా రంగుల్లా కళ్లలో గుచ్చుకోవు. ఒద్దికైన ఆ ఛాయలే ఏటికొప్పాక బొమ్మకు అసలు అందం.

గుర్తింపు ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చింది. 2017లో భౌగోళిక గుర్తింపు, 2023లో రాజుకు పద్మశ్రీ, 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో రాష్ట్ర శకటంగా ఏటికొప్పాక బొమ్మలు.

కొయ్య కొరత మాత్రం తీరలేదు. కొండల మీద అంకుడు పలచబడింది, పనివాళ్లు దాన్ని దూరం నుంచి తెప్పించుకోవాల్సి వస్తోంది. అంకుడు మొండి చెట్టు. మొదలు ఉంచి కొమ్మలు నరికితే మళ్లీ చిగురిస్తుంది, మెట్ట నేలలోనూ బతుకుతుంది. దీని ఆకు నుంచి నీలం రంగు కూడా తీయవచ్చు. పరిశ్రమల చుట్టూ పచ్చని వలయం పెంచాలన్న నిబంధన ఎలాగూ ఉంది. పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలు ఆ వలయాల్లో నాటే మొక్కల జాబితాలో అంకుడును చేర్చాలి. అటవీ శాఖ నర్సరీల్లో నారు పెంచి పనివాళ్లకు, రైతులకు ఇవ్వాలి. ఈ వానాకాలమే మొదలుపెట్టవచ్చు.