ఎవరి దగ్గర చదివారు?

జూబ్లీహిల్స్‌లో ఇప్పుడు పరుగుకోసం షూ కొనబోతే కొన్ని షాపుల్లో ముందు మన పాదం చూస్తారు. అరికాలు చదునుగా ఉందనో, మడమ లోపలికి వాలుతోందనో చెప్పి, దానికి తగ్గ షూ వేసుకుంటే మోకాలు నొప్పి రాదంటారు. కేబీఆర్ పార్కు చుట్టూ తెల్లవారుజామున పరుగెత్తేవాళ్లలో చాలామంది ఈ మాట నమ్మే డబ్బు పెడుతున్నారు. మాట పుట్టింది నేను స్థిరపడ్డ అమెరికాలో. దాన్ని అక్కడి పరిశోధకులే ఎలా పరీక్షకు పెట్టారో ఫిల్మ్ నగర్‌లో పెరిగిన మనిషిగా మీకు చెప్పాలని ఉంది.

అమెరికా మొదటినుంచీ పరుగెత్తే దేశమేమీ కాదు. 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చినప్పుడు జనానికి భయం పట్టుకుంది. అప్పటికి ఊరి రోడ్డు మీద పెద్దవాళ్లు పరుగెత్తడం వింతే. ఒరెగాన్ విశ్వవిద్యాలయం కోచ్ బిల్ బోవర్‌మన్ 1962 చివర్లో న్యూజిలాండ్ వెళ్లాడు. అక్కడ ఆర్థర్ లిడియార్డ్ వెంట నడివయసువాళ్లు, ముసలివాళ్లు నెమ్మదిగా మైళ్లకొద్దీ పరుగెత్తడం చూశాడు. తిరిగొచ్చి యూజీన్ ఊళ్లోవాళ్లకు అదే నేర్పాడు. 1967లో ఒక గుండె డాక్టరుతో కలిసి జాగింగ్ మీద పుస్తకం వేశాడు. నైకీ సంస్థాపకుల్లో ఒకడు కూడా ఆయనే. 1970లో మొదటి న్యూయార్క్ మారథాన్‌కు 127 మంది బయల్దేరితే 55 మందే పూర్తిచేశారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఫ్రాంక్ షార్టర్ బంగారు పతకం గెలిచాక ఇక ఆపేవాళ్లు లేరు.

పరుగుతోపాటే నొప్పులూ వచ్చాయి. యూజీన్‌లోనే ఎముకల డాక్టర్ స్టాన్ జేమ్స్ దగ్గర రన్నర్లు వరస కట్టారు. ఆయన, విశ్వవిద్యాలయంలో బయోమెకానిక్స్ చెప్పే బ్యారీ బేట్స్, మరో సహచరుడు కలిసి 1978లో రన్నర్ల గాయాల మీద ఒక పత్రం రాశారు. ఎక్కువ గాయాలకు మూలం శిక్షణలో చేసే పొరపాట్లేనని అందులోనే ఉంది: ఒక్కసారిగా దూరం పెంచడంలాంటివి. పాదం లోపలికి వాలడం గురించీ అందులో ఉంది. షూ కంపెనీలు పట్టుకున్నది ఈ రెండో విషయాన్నే. తొందరపడొద్దని చెబితే అమ్ముకోవడానికి ఏముంటుంది? (1984లో మారథాన్ రన్నర్ జోన్ బెనాయిట్ మోకాలికి ఆపరేషన్ చేసింది ఈ జేమ్సే. ఆ తర్వాత పదిహేడు రోజులకే ఆమె ఒలింపిక్ ట్రయల్స్ గెలిచింది, ఆగస్టులో ఆడవాళ్ల తొలి ఒలింపిక్ మారథాన్ కూడా గెలిచింది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.)

పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో పీటర్ కవానా నేలలో బలాన్ని కొలిచే పలకలు పెట్టి, రన్నర్లను వాటి మీదుగా పరుగెత్తించాడు. ప్రతి అడుగులోనూ నేల మన బరువుకు రెండున్నర, మూడు రెట్ల బలంతో తిరిగి తోస్తుంది. 70 కిలోల మనిషికి అది దాదాపు 200 కిలోల బరువుతో సమానం. అరగంట పరుగులో అలాంటి అడుగులు అయిదువేలకు అటూఇటూగా పడతాయి.

అసలు కథ ఈ ల్యాబుల్లో చదివి బయటికొచ్చినవాళ్లది. ఫిల్మ్ నగర్‌లో ఒక డాన్స్ మాస్టర్ దగ్గర అసిస్టెంటుగా చేసినవాళ్లే తర్వాత మాస్టర్లవుతారు, కొత్త కుర్రాడొస్తే ఎవరి దగ్గర చేశావని అడుగుతారు. ఇక్కడా అంతే. బేట్స్ దగ్గర చదివిన జో హామిల్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, యామ్‌హర్స్ట్‌లో ల్యాబు నడిపాడు. హామిల్ దగ్గర చదివిన బ్రయన్ హైడర్‌షైట్ విస్కాన్సిన్ వెళ్లాడు. పెన్ స్టేట్‌లో 1990లో డాక్టరేట్ తీసుకున్న ఐరీన్ డేవిస్ డెలవేర్‌లో పరుగు గాయాల ల్యాబు పెట్టింది, తర్వాత హార్వర్డ్‌కి మారింది. ఆమె దగ్గర పనిచేసిన క్లేర్ మిల్నర్, రీడ్ ఫెర్బర్, బ్రయన్ నోరెన్ ఇవాళ ఫిలడెల్ఫియా, కాల్గరీ, కెంటకీలలో సొంతంగా విద్యార్థుల్ని తయారుచేస్తున్నారు. డేవిస్, హైడర్‌షైట్ ఇద్దరూ చదువురీత్యా ఫిజియోథెరపిస్టులే. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి.

2006లో మిల్నర్, డేవిస్ బృందం మోకాలి కింది ముందు ఎముకలో సన్నని పగులు వచ్చిన 20 మంది మహిళా రన్నర్లను, రాని 20 మందితో పోల్చింది. పగులు వచ్చినవాళ్ల ఎముకకు తగిలే అదురు ఎక్కువగా కనిపించింది. 2011లో హారిసన్ క్రోవెల్, డేవిస్ పదిమంది రన్నర్ల కాలికి అదురును కొలిచే చిన్న పరికరం కట్టారు. ఎదురుగా తెరమీద ఆ గీత కనిపిస్తుంటే చూసుకుంటూ మెత్తగా అడుగేయమన్నారు. అదురు దాదాపు సగానికి తగ్గింది. అదే ఏడాది హైడర్‌షైట్ ఇంకా సులువైనది చూపించాడు: వేగం మార్చకుండా, నిమిషానికి వేసే అడుగుల్ని అయిదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

మరి షాపువాళ్ల మాటో? 2009, 2010లలో వెలువడిన పరిశోధనల్లో అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరీన్లలో చేరిన కొత్తవాళ్లకు పాదం ఆకారాన్ని బట్టి షూ ఇచ్చి చూశారు. గాయాలు తగ్గలేదు. 2010లోనే నేచర్ పత్రికలో, ఉత్త కాళ్లతో పరుగెత్తేవాళ్లు మడమ బదులు పాదం ముందుభాగం ముందు ఆనిస్తారని, ఆ దెబ్బ తక్కువని డేనియల్ లీబర్‌మన్ బృందం రాసింది. అందులో డేవిస్ ఉంది. మన ఐఐటీ మద్రాసులో చదివిన మధుసూదన్ వెంకటేశన్ కూడా ఉన్నాడు. ఆ ఊపులో పల్చటి అట్టలాంటి షూలు విపరీతంగా అమ్ముడుపోయాయి. ఆధారాల్లేని గొప్పలు చెప్పిందని కేసు వేస్తే 2014లో అలాంటి షూలు చేసే వైబ్రమ్ కంపెనీ 37.5 లక్షల డాలర్లతో రాజీపడింది. ఉత్త కాళ్లలాంటి పరుగే మేలనే డేవిస్ వైపున్నవాళ్లకూ, కాదన్నవాళ్లకూ మధ్య వాదన ఇప్పటికీ నడుస్తోంది. ఈ దేశంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ వాదనే. అమ్మకానికి వెళ్లిన మాటను తిరిగి ల్యాబులోకి లాక్కొచ్చి కొలిచే మనుషులు తరతరానికీ తయారవుతున్నారు.

ఇక మన ఊరికొస్తే, హైదరాబాద్ రన్నర్స్ సంఘం 2007లో మొదలైంది. ఆగస్టులో జరిగే మారథాన్ జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల మీదుగానే గచ్చిబౌలి వెళ్తుంది. గట్టి నేలమీద రోజంతా ఒకే స్టెప్పు వేసే గ్రూప్ డాన్సర్లు, ఎత్తునుంచి దూకే ఫైటర్లు మన ఫిల్మ్ నగర్ కొండమీద ఉన్నారు. వాళ్ల ఎముకకూ అదే లెక్క వర్తిస్తుంది. రన్నర్ల మీద పడిన శ్రద్ధలో పదో వంతైనా వాళ్లమీద పడాలని గట్టిగా కోరుకుంటున్నాను. మన దగ్గర ఫిజియోథెరపీ చదివినవాళ్లకు కొదవలేదు. అమెరికా వచ్చేవాళ్లు లైసెన్సు పరీక్ష రాసి ఆసుపత్రిలో చేరాలనే చూస్తారు, తప్పులేదు. వాళ్లలో ఒకరిద్దరైనా ల్యాబు తలుపు తట్టాలనుకుంటే, ఎవరి శిష్యుల దగ్గర చేరాలో పేర్లు పైన రాశాను.