బడి మీద ఓటు – బోర్డు కాలం నుంచి తల్లిదండ్రుల కమిటీ దాకా

ఈ ప్రత్యేక సంచికకు ఉద్యోగ కాలం నాటి పాత సంగతి ఏదైనా రాసి పంపమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. పింఛను, కరువు భత్యం గురించి రాయడానికి నాకంటే తెలిసినవారు ఉన్నారు. నేను 1974లో ఒక పంచాయతీ సమితి కార్యాలయంలో గుమస్తాగా చేరి, ఎక్కువ కాలం విద్యా సెక్షను కాగితాలతోనే గడిపినవాడిని. అందుచేత మన దేవరాపల్లి వంటి ఊళ్ళలో బడి మీద అజమాయిషీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో నాకు తెలిసినంత మేరకు మనవి చేస్తాను.

మన ప్రాంతంలో పెద్దవాళ్ళు జిల్లా పరిషత్ హైస్కూలును చాలాకాలం “బోర్డు హైస్కూలు” అనే పిలిచేవారు. ఆ బోర్డు కథ 1882లో మొదలవుతుంది. ఆ ఏడాది రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. ప్రాథమిక విద్యను స్థానిక సంస్థలకు అప్పగించాలని హంటర్ విద్యా కమిషన్ కూడా అప్పుడే సిఫారసు చేసింది. అప్పటికే ఇంగ్లండులో 1870 చట్టం ప్రకారం ప్రత్యేకంగా స్కూలు బోర్డులు ఏర్పడి ఉన్నాయి. పన్ను కట్టేవారు వాటికి సభ్యులను ఎన్నుకునేవారు. పార్లమెంటు ఎన్నికలలో ఓటు లేని స్త్రీలు కూడా ఆ బోర్డులకు పోటీచేసి గెలిచారు. 1902లో అక్కడ వాటిని రద్దు చేశారు.

మన మద్రాసు రాష్ట్రంలో బడికోసం వేరే బోర్డు పెట్టలేదు. 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం కింద ఏర్పడిన జిల్లా, తాలూకా బోర్డులకే రోడ్లు, ఆసుపత్రులు, సత్రాలతోపాటు బడులను కూడా అప్పగించారు. జిల్లా బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. సభ్యులలో కొందరు నామినేటెడ్, కొందరు ఎన్నికైనవారు. ఓటు పన్ను కట్టేవారికే. పాలేరు కొడుకు బడికి వెళ్ళినా, ఆ బడి సంగతిలో పాలేరుకు ఓటు లేదు.

1920లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి కొత్త స్థానిక బోర్డుల చట్టం. దానివల్ల ఎన్నికైన సభ్యుల సంఖ్య పెరిగింది. రెండవది మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం. దీనికింద జిల్లాకొక విద్యా మండలి ఏర్పడింది. స్థానిక బోర్డుల ప్రతినిధులు, ఎయిడెడ్ బడుల యాజమాన్యాల ప్రతినిధులు అందులో కూర్చునేవారు. విద్య కోసం ప్రత్యేక పన్ను వేయడానికి, నిర్బంధ విద్య ప్రవేశపెట్టడానికి కూడా ఆ చట్టంలో అవకాశం ఉంది. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. అప్పటినుంచి చోడవరం దాకా వెళ్తే అయ్యే పనికి విశాఖపట్నం పోవలసి వచ్చింది.

స్వాతంత్ర్యం తరువాత వయోజనులందరికీ ఓటు వచ్చింది. 1959 చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడి, ప్రాథమిక పాఠశాలలు సమితికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుకు దఖలు పడ్డాయి. ఊరివాళ్ళు సర్పంచిని ఎన్నుకుంటే, సర్పంచులు సమితిలో సభ్యులు. సమితి అధ్యక్షులు జిల్లా పరిషత్తులో సభ్యులు. కాగితం మీద చూస్తే బడి ప్రజల చేతికి వచ్చింది. కాని ఆ కాగితం రాసినవాళ్ళలో నేనూ ఒకడిని కనుక నిజం చెప్పుకోవాలి.

సమావేశానికి ఒక్కొక్కప్పుడు కోరం ఉండేది కాదు. అయినా తీర్మానాలు ఆగేవి కావు. నేను మినిట్సు బుక్కు రాసి ఇచ్చేవాడిని. అటెండరు దానిని గుడ్డసంచిలో పెట్టుకుని సైకిలు మీద ఊరూరా తిరిగి సంతకాలు చేయించుకొచ్చేవాడు. సభ్యులలో కొందరు చదవకుండానే చేసేవారు. అలాంటి ఒక తీర్మానంలో కొండ దిగువ ఊరి ఏకోపాధ్యాయ పాఠశాల మాస్టారిని రోడ్డు పక్క ఊరికి మార్చారు. ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. ఆ బడి నెలల తరబడి మూతపడింది. ఆ ఊరి నుంచి ఒక పెద్దాయన కార్యాలయానికి వచ్చి, “బాబూ, మా మేష్టరుని ఎవరు తీసేశారు?” అని అడిగాడు. “సమితి తీర్మానం” అన్నాను. “ఆ సమితిలో మా వోట్లతో గెలిచినోడు కూడా ఉన్నాడు కదా బాబూ” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తీర్మానం నా దస్తూరీలోనే ఉంది.

1985లో మండలాలు, తరువాత మండల పరిషత్తులు వచ్చి సమితులు పోయాయి. బడి బోర్డు మీద పేరు మారింది. తల్లిదండ్రులకు నేరుగా ఓటు వచ్చింది మాత్రం 1998లో. ఆ ఏడాది చేసిన ప్రజా భాగస్వామ్య చట్టంతో, ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు కమిటీ సభ్యులను ఎన్నుకోవడం మొదలైంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం దేశమంతటికీ ఇటువంటి ఏర్పాటే చేసింది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది స్త్రీలు ఉండాలి. బడి పనితీరు చూడడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధుల ఖర్చు గమనించడం కమిటీ విధులు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. 2019లో దీనికి తల్లిదండ్రుల కమిటీ అని పేరు పెట్టారు. ఆ ఏడాదే మొదలైన నాడు–నేడు పనులను కంట్రాక్టరుకు కాక ఈ కమిటీల ద్వారానే చేయించారు. మళ్ళీ 2024 ఆగస్టు 8న యాజమాన్య కమిటీలకు ఎన్నికలు జరిగాయి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన మన సభ్యులు అక్కడి స్కూలు బోర్డు ఎన్నికల గురించి చెబుతుంటారు. అక్కడ చాలాచోట్ల బోర్డు సభ్యులను జనమే ఎన్నుకుంటారు. బడ్జెట్టు ఆమోదించడం, పాఠశాలల ఉన్నతాధికారిని నియమించడం ఆ బోర్డు పని. మన తెలుగువారు కూడా వాటికి పోటీ చేస్తున్నారు. మన కమిటీకి అన్ని అధికారాలు లేవు. ఉపాధ్యాయుల నియామకం గాని, బదిలీ గాని దాని చేతిలో లేదు. అయినా చట్టం ఇచ్చినమేరకు వాడుకుంటే తక్కువేమీ కాదు.

2024లో మా కోడలు మనవరాలి తరగతి తరఫున నిలబడింది. తాత ఓటు చెల్లదు కనుక నేను గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్నాను. కూలి మానుకుని వచ్చిన తల్లులు ఎందరో కనిపించారు. ఆమె గెలిచింది. మొదటి సమావేశానికి వెళ్ళేముందు, “మామయ్యగారూ, అక్కడ నేనేం చెయ్యాలి?” అని అడిగింది. “రాసినది చదివి వినిపించమను. విన్న తరువాతే సంతకం పెట్టు” అని మాత్రం చెప్పాను. ఆ రోజు ఆలస్యంగా ఇంటికి వచ్చింది. చదవడం రాని ఇద్దరు తల్లుల కోసం తీర్మానాలు రెండుసార్లు చదివించారట. మంచినీళ్ళ ట్యాంకు కడిగించే సంగతి తీర్మానంలో రాయలేదని అప్పుడు బయటపడి, అది కూడా చేర్చారట.

మన దేవరాపల్లి 2022 ఏప్రిల్ 4 నుంచి విశాఖపట్నం జిల్లా పోయి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా, తాలూకా, సమితి, మండలం అన్నీ మారుతూ వచ్చాయి. మినిట్సు బుక్కు మాత్రం బోర్డు కాలం నుంచి అలాగే ఉంది. దానిని ఎలా రాస్తారో, కోరం అంటే ఏమిటో, జమా ఖర్చులు ఎలా చూడాలో మన విశ్రాంత ఉద్యోగులకు తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. కమిటీలో మనకు చోటు లేదు. ఉండనక్కరలేదు కూడా. ఎన్నిక రోజున కొడుకునో కూతురినో కోడలినో బడికి పంపించడం, గెలిచిన తల్లులకు సాయంత్రం పూట ఒక గంట కూర్చుని పద్ధతులు చెప్పడం మనం చేయగల పని. మన సంఘం ప్రతి శాఖలోను ఇద్దరు ముగ్గురు సభ్యులు దీనికి ముందుకు రావాలని కోరుతున్నాను. దేవరాపల్లిలో నా పేరు మొదట రాసుకోవలసిందిగా కార్యదర్శిగారికి మనవి.