యాత్రికుని చెంబు, చేంతాడు

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని మన పెద్దలు చెప్పుచుండిరి. ఆ మాటలో భయము ఎంత కలదో లెక్కయు అంత కలదు. చెన్నపట్టణమునుండి కాశికి పోయి తిరిగి వచ్చుటకు ఏడాదికి పైగా పట్టిన కాలమున, దారిలో దేనితో వండుకొనవలెను, నీరు దేనిలో మోసికొనవలెను అను ప్రశ్నలు ప్రాణముతో ముడిపడినవి. రాజుల చరిత్రలను, దేవాలయముల చరిత్రలను వ్రాసినవారు మనలో పెక్కురు కలరు. యాత్రికుని మూటలోని గిన్నెలకు చరిత్ర వ్రాసినవారు అరుదు. చెన్నపట్టణమునకును, బెంగుళూరునకును, షోలాపురమునకును మన పూర్వులలో అనేకులు వచ్చి చేరినది ఇట్టి కాలిదారులవెంట, బండిదారులవెంటనే. కావున ఆ మూటను ఒక్కసారి విప్పి చూపవలెనని మా యుద్దేశము.

ఈ విషయమున మనకు దారి చూపదగినవారు మనవలెనే పరభాషల నడుమ బ్రదికిన ఒక తెలుగువారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణవాసి. అచటి సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిరి. ఆయన 1830 మే 18వ తేదీన, అనగా రోహిణీకార్తె ఎండలు సమీపించుచుండగా, దాదాపు నూరుమంది పరివారముతో బయలుదేరిరి. తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, ప్రయాగ మీదుగా కాశి చేరి, గయను, కలకత్తాను, జగన్నాథమును చూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. ఆయన 1836లో మరణించిన పిమ్మట, ఆ దినచర్య మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారి పూనికతో 1838లో 'కాశీయాత్ర చరిత్ర' యను పేర అచ్చయినది. ఏ మజిలీలో ఊరెట్టిది, అంగళ్లు కలవా, దిగుటకు వసతి యెట్టిది, దారి యెట్టిది అను సంగతులను ఆయన దేవతామహిమలతో సమానముగా గుర్తుంచుకొని వ్రాసిరి. దూరము నడచువారికి అట్టి వ్రాత యెంతటి సామగ్రియో ముందు తెలియగలదు.

యాత్రాసామగ్రికి మొదటి న్యాయము బరువు. మాయింట నున్న ఒక పాత ఇత్తడి మరచెంబును మేము తూచి చూచితిమి. ఖాళీచెంబు ముప్పాతిక కిలో. దానిలో పట్టిన నీరు లీటరునకు కొంచెము తక్కువ. అనగా మోసినదానిలో ఇంచుమించు సగము చెంబు, సగము నీరు! వేసవిలో నడచు మనుష్యునికి దినమునకు నాలుగు లీటర్ల త్రాగునీరైన వలయును. పదిమందికి నలువది లీటర్లు; నీరే నలువది కిలోలు. పాత్రల బరువును కలిపినచో ఒక్క కావడితో అది తీరదు. స్నానమునకు, వంటకు, పాత్రలు తోముటకు వేరుగా కావలసిన నీరు ఈ లెక్కలోనికి రానేలేదు. కావున దినమంతటికి సరిపడు నీటిని వెంట మోసికొనిపోవుట యనునది నడకయాత్రలో ఎవరికిని సాధ్యము కాలేదు. ఒక నీటిపట్టునుండి మరియొక నీటిపట్టు వరకు చాలినంత నీరు మాత్రమే మోయుదురు.

ఇందువలన యాత్రికుని నీటిసామగ్రిలో ముఖ్యమైనది చెంబు కాదు, చేంతాడు. దక్కనులో వేసవినాటికి బావులనీరు లోతునకు దిగిపోవును. మెట్లున్న దిగుడుబావి యైనచో సరే. లేనిచో త్రాడులేని వానికి నీరు కంటికి కనబడును గాని నోటికి అందదు. సన్నని గట్టి త్రాడు బరువు స్వల్పము; అది అందించు నీరు కడవలకొలది. మెడ సన్నముగా, అంచు బయటకు వంగియుండు చెంబునకు ఉరి బిగించినచో జారిపోదు. చెంబునకు ఆ రూపము వచ్చుటకు ఇట్టి యుపయోగము తోడ్పడినదని తలచుట అసంగతము కాదు.

అయితే త్రాడు ఉన్నంతమాత్రమున బావి అందరిదియు కాలేదు. కొన్ని కులములవారిని బావిగట్టు ఎక్కనిచ్చెడివారు కారు. వారు గట్టు క్రింద నిలిచి, ఎవరైన దయతలచి దోసిట పోయువరకు కాచుకొనవలసినదే. దారుల ప్రక్క పుణ్యాత్ములు చలివేంద్రములు పెట్టించిన మాట నిజమే. పుణ్యము నడుమను ఈ భేదము నిలిచియుండిన మాటయు నిజమే. ఈ రెండింటిని కలిపి చెప్పిననే చరిత్ర యగును.

త్రాగునీటి పాత్రలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణము, ఒక్కొక్క దోషము కలవు. సొరకాయ బుర్ర అన్నిటికంటె తేలిక; ఖర్చు లేదు; కాని పగిలిన అతుకదు. మట్టికూజా నీటిని చల్లబరచును. గోడలనుండి ఊరిన చెమ్మ ఆవిరియగునపుడు లోపలి వేడిని గైకొనిపోవుటయే దానికి కారణము. ఆ సుఖమునకు తగినట్లు బరువును, పెళుసుదనమును దానికి కలవు. తోలుతిత్తి పగులదు, పెద్దది, ఖాళీయైన పిదప చుట్టి పెట్టుకొనవచ్చును. కాని ఆచారపరులు తోలునీటిని ముట్టరైరి. మరచెంబు ఖరీదైనది, బరువైనది. అయినను మరమూత బిగించినచో బండి కుదుపులోను నీరు చిందదు, దుమ్ము పడదు, పరుల చేయి లోపలి నీటికి తగులదు. మడికిని నడకకును కుదిరిన సంధియే మరచెంబు.

ఈ ఎంపికలోని కష్టము శ్రీశైలపు అడవిదారిలో తేటపడును. ఆత్మకూరు ప్రక్కనుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారము మీదుగా పోవు ఆ కాలిబాట నల్లమలలో ఎక్కుచు దిగుచు సాగును. ఉగాదికి కన్నడదేశపు భక్తులు నేటికిని ఈ బాటను నడచి మల్లికార్జునుని సేవింపవత్తురు. పేరులలోనే చెరువు, కొలను కనబడుట గమనింపదగినది. అడవిలో మజిలీలను నిర్ణయించినది నీరు. పూర్వులు నీరున్నచోట నిలిచిరి, నిలిచినచోటికి నీటిపేరే పెట్టిరి. అట్టిచోట రెండు నీటిపట్టుల నడుమ ఎంత దూరమో ఎరిగినవాడు ఒక్క బుర్రతో పోగలడు. ఎరుగనివాడు కావడి మోసియు దప్పిగొనును. యాత్రాచరిత్రలో ఊళ్లను, మజిలీలను వరుసగా వ్రాసిపెట్టుటలోని మేలు ఇదియే. తరువాత పోవువాని భుజముమీది భారమును ఆ వ్రాత తగ్గించినది.

ఇక వంటపాత్రల మాట. ఒక ఘనసెంటీమీటరు రాగి ఇంచుమించు తొమ్మిది గ్రాములు తూగును, ఇత్తడి ఎనిమిదిన్నర. రాగికి వేడి త్వరగా వ్యాపించును. పుల్లలు తక్కువ చాలును. కాని చింతపండు పులుసు తగిలిన రాగియు ఇత్తడియు చిలుమెక్కి విషమగును. అందుచేత లోపల తగరముతో కళాయి పూయింపవలెను. దారిలో కళాయి అరిగినచో, కళాయివాడు దొరకు పెద్ద ఊరు వచ్చువరకు ఆ గిన్నెలో పులుసు కాచరాదు. కంచునకు పులుపుతో పేచీ తక్కువ. కాని రాతిమీద పడిన కంచు బీటలువారును. రాచ్చిప్పలో పులుసు అమృతము. అది ఇంటిపొయ్యికి తగినది గాని భుజమునకు తగినది కాదు. ఇందువలన దూరయాత్రకు పోవువారు ఒకదానిలో ఒకటి ఇమిడెడు గిన్నెలను ఏరుకొనుట మేలు. పెద్దది అన్నమునకు, నడిమిది పప్పునకు, చిన్నది చారునకు. పెద్దదాని మూతయే గంజి వార్చుటకు, పిండి కలుపుటకు. మూడు రాళ్లు దొరకినచోట పొయ్యి. మోదుగాకులు దొరకినచోట విస్తళ్లు. దారిలో దొరకుదానిని ఇంటినుండి మోయకుండుటయే ఇందలి నేర్పు.

గిన్నెను నిర్ణయించునది తుదకు ధాన్యము. వరియన్నము తినువానికి లోతైన గిన్నె, చాల నీరు, నిలుకడగల మంట కావలెను. జొన్నరొట్టె తినువానికి పెనమొక్కటి చాలును. పిండి తడుపుటకు దోసెడు నీరు చాలును. కాల్చి ఆరబెట్టిన రొట్టెలు మరికొన్ని దినములు నిలుచును. పేలపిండి తినువానికి పొయ్యియే అక్కరలేదు. పూటకూటి యిల్లు లేని దారిలో వరియన్నపు అలవాటు గొప్ప భారము. కావుననే మన ఆడవారు ప్రయాణమునకు ముందు అటుకులు, పేలపిండి, ఒరుగులు, వడియములు, ఎండబెట్టిన చింతపండు మూటలు కట్టెడివారు. నీటిని ఇంటనే ఎండకు వదలించి, రుచిని మాత్రము మోసికొనిపోవుట ఆ మూటలలోని శాస్త్రము.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. గంగాళములను, గుండిగలను తీసికొనిపోయిన సంపన్నులు వానిని తాము మోయలేదు. వీరాస్వామయ్యగారి వంటివారు పల్లకిలో పోయిరి. పల్లకిని బోయీలు మోసిరి, సామానులు పరివారము వెంట నడచినవి. మడి అనుకొన్నకొలది పాత్రలు పెరిగినవి. పెరిగిన బరువు ఇతరుల భుజములమీద పడినది. ఒంటరిగా పోయిన పేద యాత్రికుడు తన భుజముతో తూచి ఎన్నుకొనెను. అతని వెంట ఒక చెంబు, ఒక త్రాడు, ఒక గిన్నె, చెకుముకిరాయి, దుప్పటిచెంగున కట్టిన పిండి. తేలికగా నడచుట యను విద్యకు మూలపురుషుడు అతడే గాని పల్లకిలోని పెద్దమనిషి కాడు.

ఈ బరువులన్నిటికిని జగన్నాథక్షేత్రమున ఒక విచిత్రమైన సమాధానము కనబడును. అచట మహాప్రసాదమును మట్టికుండలలో వండుదురు. వాడిన కుండను మరల వాడరు. ఆ ప్రసాదమును కులభేదము పాటింపక కలిసి భుజింతురు. మడి కొరకు ఇత్తడిని మోసికొనివచ్చినవాడు అచట గిన్నెను మూటలోనే ఉంచవలసివచ్చెను. దారిపొడుగునను కుమ్మరి ఉన్న ఊరిలో కుండ కొని, వండుకొని, అక్కడనే విడిచిపోవుటయు ఈ పద్ధతియే. మోయనవసరములేని పాత్రయే అన్నిటికంటె తేలికైన పాత్ర.

రాగిచెంబులో నీరు శుద్ధియగునని మనవారి నమ్మకము. ఇందులో సత్యము కలదు. రాగిపాత్రలో 16 గంటలు నిలువచేసిన నీటిలో కలరా మొదలైన వ్యాధుల సూక్ష్మజీవులు నశించినట్లు బెంగుళూరు పరిశోధకులు 2012లో ప్రకటించిరి. కాని నడచువాడు 16 గంటలు ఆగునా? గుంటలో ముంచి గుటగుట త్రాగి ముందునకు సాగును. అందువలననే రాగిచెంబు చేతనున్నవారును కలరాకు బలియైరి. తీర్థములకు పోవు దారులలో ఆ వ్యాధి చేసిన నాశనము అంతింత కాదు. 1884లో కలకత్తాలో రాబర్టు కాక్ ఆ సూక్ష్మజీవిని చెరువునీటిలో కనుగొనినప్పటికి, ఎన్ని తరముల యాత్రికులు కారణమెరుగక రాలిపోయిరో! పాత్ర మంచిదైన చాలదు. దానిలోని నీటికి కాలమునైనను ఇయ్యవలెను, కాచుటకు కట్టెలనైనను ఇయ్యవలెను.

తరువాతి కథ త్వరగా నడచినది. 1856లో చెన్నపట్టణపు రాయపురమునుండి మొదటి రైలు కదలినది. 1900లో రాజమహేంద్రవరమునొద్ద గోదావరిమీద రైలువంతెన తెరువబడినది. ఏడాదిదారి దినములలోనికి కుదించుకొనినది. ఆ కాలముననే, 1898లో, చెన్నపట్టణపు కళాశిల్పపాఠశాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ దొర అల్యూమినియము పాత్రలపనిని ప్రారంభించెను. రాగి తూగుదానిలో మూడవవంతైనను తూగని ఈ లోహమును మనవారు సత్తు అనిరి. మోయువారికి తేలికపాత్ర దొరకునప్పటికి మోయవలసిన దారియే తరిగిపోయినది! ఆ పిమ్మట ఉక్కుగిన్నెలు వచ్చినవి. కళాయివాని కేక వీధులలో వినబడుట మానినది.

అయినను ఒక పాత్రను మనము రైలెక్కిన తరువాతను విడువలేదు. అది కాశీచెంబు. మూతి మూసిన చిన్న రాగిచెంబులో గంగ ఇల్లు చేరును. బంధువులను పిలిచి కాశీసమారాధన చేయుదురు. కొందరు ఆ గంగను రామేశ్వరమునకు కొనిపోయి స్వామికి అభిషేకింతురు. సేతువునందలి ఇసుకను ప్రయాగకు కొనిపోయి గంగలో కలుపుదురు. దేశపు రెండు కొసలను కట్టిన త్రాడు ఆ చెంబు మెడకే ఉన్నది.

నేడు మన యిండ్లలో ఈ పాత్రలు అటుకపై నున్నవి. ఇల్లు మారునపుడు, పంపకములు జరుగునపుడు అవి పాతసామానుల అంగడికి పోవుచున్నవి. అచట వానిని కిలోలలెక్కన తూచి కొందురు. దారిలో భుజము తూచిన బరువు వేరు, అంగడిలో తక్కెడ తూచు బరువు వేరు. మా మరచెంబును తూచిననాడు దాని మెడక్రింద మసిపట్టియుండిన చోటును చింతపండుతో తోమితిమి. సుత్తిపోట్లతో చెక్కిన నాలుగు తెలుగక్షరములు బయటపడినవి. అవి మా ముత్తవ్వ పేరు. ఇంటిలోని పిల్లలు ఆ అక్షరములను చదువలేకపోయిరి. బడిలో వారు నేర్చినది వేరొక లిపి.

మన కుటుంబములలో పెక్కింట ఇదియే స్థితి. ఆ యింటి దస్తావేజులు పరలిపిలో నున్నను, గోడమీది పంచాంగము పరభాషలో నున్నను, గిన్నె అడుగున తెలుగు నిలిచియున్నది. కావున మా మనవి ఒక్కటే. పాతపాత్రను అంగడికి పంపకముందు తోమి చూడుడు. అక్షరములుండిన పిల్లలచేత ఒక్కొక్కటిగా చదివింపుడు. ఎవరు చేయించిరి, ఏ దారిని తెచ్చిరి అను సంగతి యెరిగిన ముసలివారుండిన అడిగి వ్రాసికొనుడు. నీటిపట్టుల పేరులు వ్రాసిపెట్టినవారి వలన వెనుకవచ్చువారి దప్పి తీరినది. మనమును అంతమాత్రమైన వ్రాసిపెట్టి పోవలెను.