గిరియాత్రా ధర్మము – ఘనగిరి చరిత్ర



మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో కొండలకు కొదువ లేదు. సెలవు దినములలో యువకులు వీపున సంచి తగిలించుకొని, చేత నీటిసీసా పట్టుకొని ఈ కొండలెక్కుచున్నారు. దానికి ట్రెక్కింగ్ అని పేరు పెట్టుకొన్నారు. ఇది పరదేశపు వేడుక, మనకేల అని పెద్దలు కొందరు పెదవి విరుచుచున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో విచారింతము.

ఐతరేయ బ్రాహ్మణమున హరిశ్చంద్రుని కుమారుడైన రోహితుని కథ కలదు. అతడు అరణ్యమున సంచరించుచు, ఏటేట ఇంటికి మరలబోవగా, ఇంద్రుడు విప్రరూపమున ఎదురై, నడచువానికే శ్రేయస్సు, ఆగకుము అని బోధించెను. శ్రీరామచంద్రుడు వనవాసపు తొలిరాత్రి తమసానదీ తీరమున జలము మాత్రమే గ్రహించి, ఆకుల పడకపై శయనించెను. చిత్రకూటమున లక్ష్మణుడు పర్ణశాల నిర్మింపగా, వాస్తుశాంతి జరిపిన పిమ్మటనే అందు ప్రవేశించెను. అడవిలో ఒక రాత్రి నిలుచుటకు సైతము ఆ స్థలము అనుమతిని కోరవలెనన్నది ఇందలి భావము.

భారతమున వనపర్వము మరింత స్పష్టముగా చెప్పినది. తీర్థయాత్రకు బయలుదేరు ధర్మరాజుతో రోమశ మహర్షి చెప్పిన మొదటి మాట పరివారము తగ్గించుకొని తేలికగా రమ్మని. ఆకలిదప్పులకు, చలికి, నడకకు ఓర్వలేనివారిని, మృష్టాన్నము కోరువారిని ధర్మరాజు వెనుకకు పంపివేసెను. అంత జాగ్రత్త పడినను, గంధమాదన పర్వతమెక్కునపుడు గాలివాన చెలరేగినది, ద్రౌపది సొమ్మసిల్లినది, ఘటోత్కచుడు వచ్చి మోయవలసివచ్చినది. పర్వతము ఎవరి హోదాను చూడదు.

ఇక మన ఘనగిరి సంగతి. పెనుకొండకు శాసనములలోను, కావ్యములలోను ఘనగిరి, ఘనాద్రి అని వ్యవహారము. 14వ శతాబ్దిలో బుక్కరాయల కుమారుడు వీర విరూపణ్ణ ఈ రాజ్యమునేలిన కాలముననే దుర్గము వెలసినట్లు ఉత్తరద్వార శాసనము వలన తెలియుచున్నది. అచ్యుతరాయల కాలమున లేపాక్షి వీరభద్రాలయమును నిర్మింపించిన విరూపణ్ణ నాయకుడు వేరొకడు. ఆయనయు ఈ పెనుకొండ సీమ అధికారియే.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధమున అళియ రామరాయలు మరణించెను. తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటబెట్టుకొని, ఏనుగులపై ధనమెత్తించుకొని, సుమారు 200 కిలోమీటర్లు నడచి ఈ కొండనే ఆశ్రయించెను. నదీతీరమున ఏడు ప్రాకారముల మహానగరము కూలిపోగా, ధర్మమునకు నిలువ నీడనిచ్చినది ఈ బండరాళ్ల గుట్ట. రామరాజభూషణుడు వసుచరిత్రమును అంకితమిచ్చినది ఈ తిరుమలరాయలకే. ఆ కావ్యనాయిక గిరిక కోలాహల పర్వతపు పుత్రిక కావుట గమనింపదగినది. వెంకటపతిరాయల నాడు గోలకొండ సేన ముట్టడింపగా జగదేవరాయలు దుర్గమును కాపాడెను. 1592 ప్రాంతమున రాజధాని చంద్రగిరికి తరలినది. ఆ చంద్రగిరి వైపునుండియే తిరుమలకు 2,388 మెట్ల శ్రీవారిమెట్టు దారి కలదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరచినను భక్తులు ఆ మెట్లను, అలిపిరి మెట్లను విడువలేదు. వాహనముపై పోవువానికి గిరి కనబడును. నడచువానికి గిరి పలుకును.

కావున కొండ నడక మనకు క్రొత్త కాదు. దాని వెనుకనున్న నియమమే మరపునకు వచ్చినది. అది ప్రాణములకు సంబంధించిన విషయము. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేండ్ల బాలికను చిరుత బలిగొన్నది. పిమ్మట పిల్లలతో మధ్యాహ్నము తరువాత ఎక్కరాదని, గుంపులుగా పోవలెనని కట్టడి చేసిరి. అది అడ్డంకి అని విసుగుకొనువారు ధర్మరాజు ఎందరిని వెనుకకు పంపెనో స్మరింపవలెను.

మన సీమలో వాన తక్కువ. బండ త్వరగా కాగును. గుండ్ల సందులలో ఎలుగుబంట్లుండును. కార్తికము మొదలు మాఘము వరకు, తెల్లవారుజామున ఎక్కుట మేలు. తగినంత నీరు మోసుకొనిపొండు. ఒంటరిగా పోకుడు. అటవీశాఖ అనుమతి లేక గుడారము వేసి రాత్రి నిలువకుడు, ఎండుగడ్డి నడుమ నిప్పు రాజేయకుడు. తెచ్చిన ప్లాస్టిక్ సంచిని తిరిగి తీసుకొనిపొండు. బురుజుపై పేరు చెక్కువాడు, గుప్తనిధులకై గర్భగుడిని త్రవ్వువాడు శత్రుసేన విడిచిన పనిని పూర్తి చేయుచున్నాడు.

పెద్దలు పిల్లలను వారింపక, వారితో కొంతదూరమైనను నడచి, ఈ రాళ్ల కథ చెప్పవలెను. తెలిసి ఎక్కినవాడు దేనిని పాడుచేయడు. కొండపైనున్న నరసింహస్వామి మన పిల్లలకు జవసత్త్వములను, వినయమును ప్రసాదించుగాక!

శుభం భూయాత్.