ఏప్రిల్ లేని ఏడాది

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగరం మధ్య నల్లరేగడిని తరాలుగా దున్నుతున్న రైతుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే కమ్మవారు, రెడ్లు ఎందరో ఉన్నారు. అక్కడ ఈశాన్య రుతుపవనాల పదునులో అక్టోబరు, నవంబరుల్లో విత్తిన పత్తి మార్చి ప్రాంతంలో తీతకొచ్చి, వేసవి పొడవునా తూత్తుకుడి రేవుకు కదిలేది. సర్కారు లెక్కల ఏడాది 1867కు ముందు మే 1న మొదలయ్యేది. ఆ ఏడాది దాన్ని ఏప్రిల్ 1కి జరపడంతో 1866-67 పదకొండు నెలలకే ముగిసింది. తప్పిపోయిన నెల ఏప్రిల్. పదకొండులో ఒక వంతు కలిపితే లెక్క సరిపోతుందని అనుకోవడం పొరపాటు. పత్తి సీమకు ఏప్రిల్ బరువు, అక్టోబరు బరువు ఒకటి కావు. ఏ నెలకు ఎంత బరువో తేల్చకుండా వాణిజ్యం పెరిగిందనీ తగ్గిందనీ చెప్పలేం.

ఆ దశాబ్దంలోనే మరో కుదుపు వచ్చింది. 1861-65 అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి కరువై, మన పత్తి ధర ఎగసింది. యుద్ధం ముగిశాక పడిపోయింది. ఇది రుతువు తెచ్చిన మార్పు కాదు. పంట కాలం, క్యాలెండరు, ధర అనే మూడింటినీ విడదీస్తేనే 1866-67 అంకె అర్థమవుతుంది. వీటిలో మొదటి రెండింటి ప్రభావాన్ని విడదీయడమే సీజన్ సర్దుబాటు చేసే పని.

వాన ఏటా ఒకేలా రాదు, పైగా 1876లో తూత్తుకుడికి రైలు వచ్చాక సరుకు రవాణా తీరే మారింది, మరి స్థిరమైన సీజన్ ఎక్కడిదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే 1965లో అమెరికా సెన్సస్ బ్యూరో తెచ్చిన ఎక్స్-11 పద్ధతి చలన సగటులతో నెలల బరువును ఏటేటా సవరిస్తూ పోతుంది. మన వాణిజ్య శాఖ ప్రకటనల్లో మాత్రం ప్రధానంగా కనిపించేది నిరుటి అదే నెలతో పోలిక. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న వచ్చింది. పండుగ ఇలా నెల మారినప్పుడు ఆ పోలిక కూడా దారి తప్పిస్తుంది.

సర్దిన అంకె రైతు కష్టాన్ని కప్పేస్తుందన్న అభ్యంతరం ఇంకా బలమైనది. పంట డబ్బు చేతికందని నెలల్లో అప్పు చేసే కుటుంబానికి సర్దిన సగటు అన్నం పెట్టదు. కాబట్టి ముడి అంకెను తీసేయకూడదు. ముడి అంకె, సర్దిన అంకె, సర్దిన పద్ధతి, మూడింటినీ పక్కపక్కనే ప్రకటించాలి.